లక్ష తిరిగిన బండి

మా విస్సన్నపేట వైపు జూన్ నెలాఖరుకి మామిడి తోటలు ఖాళీ అయిపోతాయి. బంగినపల్లి ముందే దిగుతుంది. రసాలు ఆ వెనక. అన్నిటికన్నా చివర కలెక్టరు కాయ. ఆఖరి లారీ నున్న మార్కెట్‌కి వెళ్ళిపోయాక, అప్పులవాళ్ళకి ఇచ్చేది ఇచ్చాక, రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజులు అవే. ఒక ఇంట్లో బోరు మాట వస్తుంది, ఒక ఇంట్లో కాలేజీ ఫీజు మాట. ఇరవై ఏళ్ళ కుర్రాడున్న ఇంట్లో ఈ మధ్య పాత కారు మాట వస్తోంది.

నేను ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇప్పటికీ బండి కొనేముందు ఒకసారి చూసిపెట్టమని ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. నిరుడు జూన్ చివర్లో మా వీధి రైతు ఒకాయన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్రాడికి ఇరవై ఒకటి. విజయవాడలో చిన్న ఉద్యోగం. లైసెన్సు వచ్చి ఏడాది కాలేదు.

"మాస్టారూ, మావాడు కారు కొంటానంటున్నాడు. లక్షా ఇరవై వేలట. మీరొక్కసారి చూసి ‘సరే’ అంటే డబ్బు కట్టేస్తాను" అన్నాడు తండ్రి.

కుర్రాడు ఫోన్ తీసి ఫొటో చూపించాడు. తెల్ల కారు, అద్దంలా మెరుస్తోంది. 2011 మోడల్, ఏపీ 16 నెంబరు. "42 వేలే తిరిగింది మాస్టారూ!" అన్నాడు. వాడి మొహంలో వెలుగు చూస్తే నాకు ముచ్చటేసింది, భయమూ వేసింది.

ముందుగా ఒక మాట చెప్పాలి. పాత కారు కొంటానన్న కుర్రాణ్ణి చూసి ‘షోకు’ అని తేలిగ్గా తీసిపారేసే పెద్దలు మా ఊళ్ళోనూ ఉన్నారు. నాకు ఆ మాట నచ్చదు. మాకు పెద్దాసుపత్రి అంటే విజయవాడే. బస్సులో రెండు గంటలు. పక్కనున్న ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు సంగతి రాష్ట్రమంతా ఎరిగిందే. అక్కడి ఇళ్ళలో ఆసుపత్రి ప్రయాణం ఎంత కష్టమో చూసినవాళ్ళకి కారు ఎందుకని అడగబుద్ధి కాదు. ఈ కుర్రాడి నాయనమ్మకీ మోకాళ్ళు పనిచెయ్యవు. బస్సు మెట్టు ఎక్కలేదు. వాడు కారు అడిగింది ఆవిడ కోసం కూడా.

డబ్బు లెక్కన చూసినా వాడిది తెలివితక్కువ ఆలోచనేం కాదు. కొత్త కారు షోరూమ్ గడప దాటిన దగ్గర్నుంచీ దాని ఖరీదు కరుగుతూనే ఉంటుంది. బీమా కంపెనీలు బండి విలువ కట్టే పద్ధతే చూడండి: ఏడాది నిండేసరికి 15 శాతం తీసేస్తారు, రెండేళ్ళకి 20, మూడేళ్ళకి 30, అయిదేళ్ళకి సగం. ఆ సగం నష్టం మొదట కొన్నవాడు భరించాడు. ఆ తర్వాత కొన్నవాడికి అది లాభమే, బండి మంచిదైతే.

బండి మంచిదా కాదా అన్నది తేల్చడానికి మనవాళ్ళంతా చూసేది మీటరు. అక్కడే మోసపోతున్నారు. నేను కుర్రాణ్ణి అడిగాను: "పద్నాలుగేళ్ళలో 42 వేలంటే ఏడాదికి 3 వేలు. రోజుకి ఎనిమిది కిలోమీటర్లు. విజయవాడలో కారున్న మనిషి రోజుకి ఎనిమిది కిలోమీటర్లే తిరిగాడా?" వాడు తలవంచుకున్నాడు. తండ్రి మాత్రం, "ఇంట్లో పెట్టి ఉంచాడేమో మాస్టారూ" అన్నాడు.

ఉంచి ఉండొచ్చు. అదీ మంచి వార్త కాదు. కదలకుండా నిలబెట్టిన బండిలో బ్రేకు పిస్టన్లు పట్టేస్తాయి, రబ్బరు సీళ్ళు ఎండి పగుళ్ళిస్తాయి, టైర్లు ఒకవైపు అణిగిపోతాయి, ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది. మా ప్రాంతంలో అయితే ఎలుకలూ ఉడతలూ బానెట్ కింద కాపురం పెట్టి వైర్లు కొరికేస్తాయి. ఇంజిన్ అన్నది తిరగడానికి పుట్టింది. రోజూ నలభై యాభై కిలోమీటర్లు హైవే మీద ఒకే వేగంతో నడిచి, వేళకి ఆయిల్ మార్చుకున్న ఇంజిన్ లక్షన్నర దాటినా గట్టిగానే ఉంటుంది. బజారులో ఫస్టు గేరు, సెకండు గేరు మధ్య నలిగి, ఆయిల్ మార్పు ఎరగని ఇంజిన్ 60 వేలకే బోరుకొస్తుంది. కాబట్టి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అన్నదానికన్నా ఎవరి చేతిలో, ఎలా తిరిగింది అన్నదే అసలు ప్రశ్న. దానికి మీటరు జవాబు చెప్పదు. ఇప్పటి డిజిటల్ మీటరైతే, డాష్‌బోర్డు కింది సాకెట్‌కి చిన్న యంత్రం తగిలించి నిమిషాల్లో అంకె మార్చేస్తారు. పాత రోజుల్లో మీటరు వెనక్కి తిప్పాలంటే విప్పాల్సి వచ్చేది, స్క్రూల మీద గీతలు పడేవి. ఇప్పుడు ఆ గీతలు కూడా మిగలవు.

మిగిలేవి వేరే ఉన్నాయి. క్లచ్ పెడల్ మీద రబ్బరు నున్నగా అరిగిందా, స్టీరింగ్ మీద చేతులు పట్టే చోట తోలు మెరుస్తోందా, డ్రైవరు సీటు అంచు కుంగిందా చూడండి. 42 వేలకి అవి అలా అరగవు. టైరు పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. 2318 అంటే 2018లో 23వ వారంలో తయారైన టైరు. బండితో వచ్చిన టైర్లు మామూలుగా 40, 50 వేలు నడుస్తాయి. మీటరు 42 వేలంటుంటే, కాళ్ళకేమో మూడో జత టైర్లున్నాయనుకోండి, ఆ రెండింట్లో ఒకటి అబద్ధమాడుతున్నట్టే. తలుపు అద్దాల మూలన కూడా సన్నగా తయారీ సంవత్సరం గుర్తు ఉంటుంది. అన్నిటి మీదా ఒకటే సంవత్సరం ఉండి ఒక్కదాని మీద వేరేది ఉంటే, ఆ పక్క దెబ్బ తగిలిందేమో ఆరా తియ్యాలి. అన్నిటినీ మించినది కంపెనీ సర్వీస్ సెంటర్. నెంబరు చెప్పి అడిగితే ఆ బండి ఎప్పుడు ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసుకొచ్చిందో వాళ్ళ కంప్యూటర్‌లో ఉంటుంది. బండి ఓనరే వచ్చి అడిగితే ఇంకా మంచిది. అడగడానికి ఓనరు వెనకాడితే అక్కణ్ణుంచే వచ్చెయ్యండి.

ఇదంతా చెప్పినా కుర్రాడి మనసు ఆ తెల్ల కారు మీదే ఉంది. సరే, వెళ్ళి చూద్దామన్నాను. మర్నాడు పొద్దున్నే మొదటి బస్సులో ముగ్గురం విజయవాడ వెళ్ళాం. అమ్మేది ఒక ఆటో కన్సల్టెన్సీ. దాని పేరు ఇక్కడ అనవసరం.

మేం వెళ్ళేసరికి కారు బయట పెట్టి ఉంది. నేను మొట్టమొదట బానెట్ మీద చెయ్యి పెట్టాను. వేడిగా ఉంది. అప్పటికే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. రాత్రంతా చల్లబడిన ఇంజిన్ మొదటిసారి అంటుకునేటప్పుడే దాని రోగాలన్నీ బయటపడతాయి. రింగులు అరిగితే సైలెన్సర్ నుంచి నీలం పొగ. ఆయిల్ తాగుతోందని దాని అర్థం. తెల్ల పొగ వదలకుండా వస్తూ తియ్యటి వాసన వేస్తే కూలెంట్ లోపలికి వెళ్ళి కాలుతోంది, హెడ్ గాస్కెట్ పోయి ఉండొచ్చు. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ పడుతోంది. చల్లని ఇంజిన్‌లో చైను చప్పుడు, ట్యాపెట్ల చప్పుడు వినబడతాయి. సెల్ఫ్ బద్ధకంగా తిరిగితే బ్యాటరీ సంగతి తెలుస్తుంది. వేడెక్కిన ఇంజిన్ వీటిలో సగం దాచేస్తుంది.

తర్వాత తలుపు తీశాను. గుప్పున సెంటు వాసన. సీటు కవర్లు కొత్తవి, కింద మ్యాట్లు కొత్తవి. ముప్ఫై ఏళ్ళు ఈ పని చేసినవాడికి సెంటు వాసన వస్తే అనుమానమే వస్తుంది. ముందు సీటు బెల్టు పట్టుకుని బయటికి లాగాను, ఆఖరిదాకా. చాలామంది బెల్టు సగమే లాగుతారు; పెట్టుకోవడానికి అంతే చాలు కాబట్టి. చివరి మూర లోపలే చుట్టుకుని ఉంటుంది, దాన్నెవరూ కడగరు. ఆ చివరి మూర మీద మట్టి రంగు గీత ఉంది. అడ్డంగా, తిన్నగా, నీళ్ళు నిలబడ్డ గీత.

మ్యాటు ఎత్తాం. సీటు బోల్టులకి తుప్పు. డిక్కీలో స్టెప్నీ గుంటలో ఎండిన ఒండ్రు. కుర్రాడు ఆ ఒండ్రుని వేలితో గీకి చూసి, ఏమీ అనకుండా తండ్రి వైపు చూశాడు.

అది బుడమేరు మట్టి అని నా నమ్మకం. 2024 సెప్టెంబరు 1 తెల్లవారేసరికి విజయవాడ సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం, కండ్రిక వైపు బుడమేరు ఎలా కమ్మేసిందో మీకందరికీ గుర్తుంది. నీళ్ళు ఒకటి రెండు రోజుల్లో తియ్యలేదు. ఇంటి ముందు నిలబెట్టిన కార్లు, ఆటోలు, స్కూటర్లు వేల సంఖ్యలో రోజుల తరబడి నానాయి. బుడమేరు పుట్టేది మాకు దగ్గరలోనే, మైలవరం వైపు కొండల్లో. ఆ కొండల మీద పడ్డ వానే కిందికెళ్ళి విజయవాడలో ఆ కారుని ముంచి, పది నెలల తర్వాత మా ఊరి కుర్రాడి ముందుకి తీసుకొచ్చింది. ఆ మట్టి చూస్తూ నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మునిగిన కారుకి ఏమవుతుందో చెప్పాలి. ఇంజిన్ విప్పి శుభ్రం చెయ్యొచ్చు, సీట్లు మార్చొచ్చు. చెయ్యలేనిది వైరింగ్. కారు లోపల వందల కనెక్టర్లుంటాయి. వాటిలోకి బురద నీరు చేరితే పచ్చటి చిలుం పట్టడం మొదలవుతుంది. అది నెమ్మదిగా, నెలల తరబడి జరిగే పని. ఇవాళ కారు బ్రహ్మాండంగా నడుస్తుంది. ఆరు నెలల తర్వాత ఒక రాత్రి హెడ్‌లైట్లు ఆరిపోతాయి. ఇంకో రోజు నడిరోడ్డు మీద ఇంజిన్ ఆగిపోతుంది. ఏ మెకానిక్‌కీ జబ్బు ఎక్కడుందో దొరకదు. చక్రాల బేరింగుల్లో గ్రీజు కడుక్కుపోయి అవి ఊళ పెడతాయి. అలాంటి బండిలో నాయనమ్మని కూర్చోబెట్టుకుని రాత్రిపూట మైలవరం రోడ్డు మీద వెళ్ళడం ఊహించుకోండి.

దాని మొదటి ఓనరు మీద నాకు కోపం లేదు. ఆ నీళ్ళలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నవాడు బండిని వచ్చిన ధరకి వదిలించుకుని ఉంటాడు. మునిగిన బండి అని చెప్పి, ఆ ధరకే అమ్మితే తప్పు లేదు. సెంటు కొట్టి, 42 వేలు అంకె వేసి, ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడికి అంటగట్టబోవడం తప్పు.

బండి చరిత్ర కాగితం మీద దొరికే చోట్లూ ఉన్నాయి. మా ఎదురింటివాళ్ళ అమ్మాయి అమెరికాలో, డల్లాస్‌లో చదువుకుంటోంది. వెళ్ళిన మూడో నెలలోనే పాత టయోటా కరోలా కొన్నది. అక్కడికెళ్ళిన మన పిల్లలు చాలామంది చేసే పని అదే. లక్షా 40 వేల మైళ్ళు తిరిగిన బండి అని చెబితే వాళ్ళ నాన్న కంగారుపడి నా దగ్గరికొచ్చాడు. మన లెక్కన రెండు లక్షల 25 వేల కిలోమీటర్లు మరి. అమ్మాయి ఫోన్‌లో ఆ బండి చరిత్రంతా పంపించింది: ఎంతమంది చేతులు మారింది, ఎక్కడ సర్వీసు చేశారు, ఏ ఏడాది మీటరు ఎంత. అక్కడ మీటరు తిప్పడం 1972 నుంచి ఫెడరల్ చట్టం కింద నేరం. వరదలో పాడై బీమా కంపెనీ వదిలేసిన బండికి ఓనర్‌షిప్ కాగితం మీదే ఆ సంగతి రాస్తారు. మోసాలు అక్కడా ఉన్నాయి, కానీ అడిగేవాడికి ఒక కాగితమంటూ ఉంది. మన ఆర్సీ మీద ఫైనాన్స్ వివరం ఉంటుంది, చాసిస్ నెంబరు ఉంటుంది, మునిగిందన్న ముద్ర మాత్రం ఉండదు. ఏడాదికో తుపాను, రెండేళ్ళకో వరద వచ్చే రాష్ట్రంలో ఆ ముద్ర ఉండి తీరాలి. ప్రభుత్వం ఈ ఒక్క పని చేస్తే వేలమంది కుర్రాళ్ళ కష్టార్జితం నిలబడుతుంది.

ఆ రోజు ఆ తెల్ల కారు వదిలేసి ఉత్త చేతులతో ఊరికి వచ్చాం. దారి పొడుగునా కుర్రాడు మాట్లాడలేదు.

ఇప్పుడు కాగితాల సంగతి. ఇది చెప్పడానికి నాకు నా సొంత అనుభవం ఉంది. 1990ల్లో నేనొక పాత ప్రీమియర్ పద్మిని కొన్నాను. అమ్మినాయన చేతిలో సంతకం చేసిన ఖాళీ ఫారాలున్నాయి, సంతకం మాత్రం ఆయనది కాదు, అంతకు ముందున్న ఓనరుది. నాకు బండి గురించి తెలుసు, కాగితాల గురించి తెలియదు. తీరా మార్పిడికి వెళితే ఆ అసలు ఓనరు అంతకు ముందే కాలం చేశాడని తెలిసింది. ఓనరు చనిపోతే వారసుల పేరు మీదికి మార్చే ఫారం వేరు, ఫారం 31. ఆ వారసులు ఎక్కడో ఉన్నారు, ఒకరికొకరికి మాటల్లేవు. రెండేళ్ళు తిరిగాను. ఆ రెండేళ్ళూ బండి నా వాకిట్లో ఉంది, కానీ నాది కాదు.

నేటి కుర్రాళ్ళకి అన్ని అగచాట్లు అక్కర్లేదు. ఫోన్‌లో ఎంపరివాహన్ యాప్‌లో నెంబరు కొడితే బండి వయసు, ఫైనాన్స్ ఉందా లేదా, బీమా ఎప్పటిదాకా ఉంది అన్నీ కనబడతాయి. ఈ-చలాన్లు విడిగా చూసుకోవాలి. పాత ఓనరు చేసిన తప్పుల జరిమానా బండితోపాటే మీ ఇంటికొస్తుంది. ఫైనాన్స్ ఉంటే ఫారం 35 మీద బ్యాంకు సంతకం కావాలి. అమ్మకానికి ఫారం 29, 30. వాటి మీద సంతకం ఆర్సీలో పేరున్న మనిషే మీ కళ్ళెదుట పెట్టాలి. కొన్నవాడు 30 రోజుల్లోపు తన పేరుకి మార్పించుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. 14 రోజుల్లో బీమా కంపెనీకి కూడా తెలియజెయ్యాలి. ఇంకో సంగతి: పాత ఓనరు బీమాలో సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ ఆ మనిషిదే, బండిది కాదు, అది మీకు రాదు.

అమ్మేవాళ్ళకి కూడా ఒక మాట. 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఒకాయన 2007లో కారు అమ్మేశాడు. అది చేతులు మారుతూ పోయింది, ఆర్సీ మాత్రం ఆయన పేరు మీదే ఉండిపోయింది. 2009లో ఆ కారు గుద్ది ప్రాణం పోయింది. పరిహారం బాధ్యత ఎవరిది అంటే, ఆర్సీలో పేరున్నవాడిదే అని తేల్చింది కోర్టు. అమ్మి డబ్బు లెక్కపెట్టుకున్నాక ‘పేరు మార్పిడి వాళ్ళే చేసుకుంటార్లే’ అనుకునే పెద్దమనుషులు ఈ తీర్పు గుర్తుంచుకోవాలి.

మాది సరిహద్దు ప్రాంతం. తిరువూరు దాటితే ఖమ్మం జిల్లా. సత్తుపల్లి వైపు బండి చవగ్గా దొరికిందని తెచ్చుకునేవాళ్ళున్నారు. తెచ్చుకోండి, తప్పులేదు. కానీ అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ, అదే ఫారం 28, లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. ఇక్కడ జీవితకాల పన్ను మళ్ళీ కట్టాలి, ఆ డబ్బు ముందే లెక్కలో వేసుకోండి. ఢిల్లీ బండ్లకీ ఇంతే. అక్కడ పాత బండ్ల మీద ఉన్న ఆంక్షల వల్ల చవగ్గా వస్తాయి.

ఏపీ 16 నెంబరు చూడగానే ఇంకో లెక్క కట్టాలి. కృష్ణా జిల్లా అంతా ఒకటిగా ఉన్న రోజుల నెంబరది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది. అంటే ఏపీ 16 బండి అంతకు ముందుదే. సొంత కారు ఆర్సీ 15 ఏళ్ళకే చెల్లుతుంది. 2011 బండికి 2026లో గడువు తీరుతుంది. మళ్ళీ అయిదేళ్ళకి పొడిగించాలంటే బండిని చూపించి పాసవ్వాలి, రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు, ఆపైన హరిత పన్ను. పద్నాలుగేళ్ళ బండి అమ్మేవాడు ఈ సంగతి చెప్పడు. మీరే ఎత్తి, ఆ మేరకు ధర తగ్గించమనాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగి కొత్త బండ్ల ధర తగ్గింది. పాత బండి ధర కూడా తగ్గాల్సిందే. బేరంలో ఈ మాట వాడండి.

మళ్ళీ మన కుర్రాడి దగ్గరికి వద్దాం. ఆగస్టులో ఇంకో బండి చూశాం. తిరువూరులో ఒక రిటైర్డు ఉద్యోగిది, 2012 శాంత్రో. మీటరు మీద లక్షా 31 వేలు. "ఇంతా!" అన్నాడు తండ్రి. ఓనరు లోపలికెళ్ళి అట్టపెట్టె తెచ్చాడు. అందులో పదమూడేళ్ళ బిల్లులు, తేదీల వరసన. ఆయిల్ ఎప్పుడు మార్చాడు, క్లచ్ ప్లేట్లు ఎప్పుడు వేశాడు, ఎక్కడెక్కడ గీత పడింది. ఆ ఇంజిన్‌కి టైమింగ్ బెల్టు ఉంటుంది, చైను కాదు. వేళకి మార్చకపోతే నడుస్తూండగా తెగి, ఇంజిన్ లోపల వాల్వులు వంగిపోతాయి. దాన్ని రెండుసార్లు మార్చిన బిల్లులు రెండూ ఉన్నాయి. ముందురోజే ఫోన్ చేసి స్టార్ట్ చెయ్యొద్దని చెప్పాం కాబట్టి ఇంజిన్ చల్లగా ఉంది. ఒక్క సెల్ఫ్‌కి అంటుకుంది. పొగ లేదు. ఆయిల్ మూత విప్పితే కింది నుంచి ఊపిరి తన్నలేదు, మూతకి తెల్ల నురగ లేదు. వెనక బంపర్ మీద సొట్ట ఉంది. "మా మనవడు గోడకి కొట్టాడు" అని ఆయనే ముందుగా చెప్పాడు. నాకు ఆ సొట్ట చూస్తే నమ్మకం కలిగింది. రంగు వేసి దాచలేదు.

బేరం 95 వేలకి తెగింది. చేతిలో లక్షా ఇరవై ఉంది కదా అని కుర్రాడు మ్యూజిక్ సిస్టమ్ మాట ఎత్తాడు. వద్దన్నాను. పాత కారు ధరలో పావు వంతైనా చేతిలో ఉంచుకుని కొనాలి, ఎందుకంటే కొన్న నెలలోనే ఆ డబ్బు పని ఉంటుంది. నాలుగు టైర్లు మార్చాం. బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిల్, కూలెంట్, ఫిల్టర్లు మార్చాం. పాత పెట్రోలు పైపులు తీయించి కొత్తవి వేయించాను. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. దానికి తట్టుకునే రబ్బరుతో కార్లన్నీ రావడం మొదలైంది 2023 నుంచే. పాత బండికి మైలేజీ కాస్త తగ్గుతుంది, పైపులు, సీళ్ళ మీద ఓ కన్నేసి ఉంచాలి. థర్డ్ పార్టీ బీమా వెయ్యి దాటి 1,500 సీసీ లోపున్న ఇంజిన్‌కి అప్పటికి 3,416 రూపాయలు, దాని మీద పన్ను. ఇంగ్లండు, అమెరికాల్లో కుర్రాడు నడుపుతున్నాడంటే బీమా ఖరీదు కారు ఖరీదుతో పోటీ పడుతుంది. మన దగ్గర డ్రైవరు వయసుని బట్టి ఆ రేటు మారదు. కుర్రాళ్ళు ప్రమాదాలు చెయ్యరని కాదు దాని అర్థం.

ఆ మాట కూడా దాపరికం లేకుండా చెప్పాలి. లక్ష రూపాయల్లో దొరికే కారు ప్రాణాన్ని కాపాడటంలో బలహీనం. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో అమ్ముతున్న అయిదు చిన్న కార్లని గోడకి గుద్దించి చూసింది. ఎయిర్‌బ్యాగుల్లేని ఆ అయిదింటికీ పెద్దల రక్షణలో సున్నా స్టార్లే వచ్చాయి. డ్రైవరుకి ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019 జూలైలో. పక్కసీటుకి అంతకన్నా తర్వాత. మన శాంత్రోలో రెండూ లేవు. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో మూడింట రెండొంతులు 18 నుంచి 45 ఏళ్ళ మధ్యవాళ్ళే. అంటే ఇంటిని మోసేవాళ్ళు.

అందుకని కుర్రాడితో మూడు విషయాలు ఒప్పించాను. వెనక సీటులో ఉన్నవాళ్ళతో సహా బెల్టు. అదే సంవత్సరం, 2022 సెప్టెంబరులో, పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ఖరీదైన కారు వెనక సీటులో బెల్టు లేకుండా ప్రయాణిస్తూ పాల్‌ఘర్ దగ్గర చనిపోయారు. లేనిది ఎయిర్‌బ్యాగ్ కాదు, బెల్టు. రెండోది, మొదటి ఏడాది రాత్రి పది తర్వాత స్నేహితుల్ని ఎక్కించుకుని వెళ్ళకపోవడం. కుర్రాళ్ళు ఒంటరిగా ఉన్నప్పుడు కన్నా నలుగురు ఉన్నప్పుడే ఎక్కువ తొక్కుతారు, ఇది మా ఐటీఐ కుర్రాళ్ళలో ముప్ఫై ఏళ్ళు చూశాను. మూడోది, బండి తమ్ముడికి ఇవ్వకపోవడం. వాడికి పదహారు. మా వైపు తోటల దారుల్లో ట్రాక్టరు, కారు నేర్చుకోవడం చిన్నప్పుడే మొదలవుతుంది, పెద్దలు మురిసిపోతారు కూడా. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికీ ఓనరుకీ మూడేళ్ళ దాకా జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు.

తండ్రికి కూడా ఒకటి చెప్పాను. సీజన్ వచ్చిందంటే డిక్కీలో, వెనక సీటులో మామిడి ట్రేలు నింపి నున్న తీసుకెళ్ళాలని ఆయన ఆలోచన. అది నాయనమ్మని మోసే బండి, సరుకు మోసేది కాదు. ట్రేలు నింపితే ముందుగా సస్పెన్షన్ పోతుంది, తర్వాత బ్రేకు ఆగదు. తెల్ల ప్లేటు బండి కిరాయికి తిప్పితే ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. ఇంకో చిన్న సంగతి, తోటలున్న మా ఊళ్ళకి మాత్రమే చెప్పాల్సింది: పూత కాలంలో బండి మామిడి చెట్టు కింద పెట్టకండి. తేనెమంచు పురుగు విసర్జించే జిగురు రంగు మీద పడి, దాని మీద మసి పట్టి, ఎండకి అతుక్కుపోతుంది. కడిగితే పోదు, రంగుతో సహా వస్తుంది.

ఆర్సీ కార్డు కుర్రాడి పేరు మీద సెప్టెంబరులో వచ్చింది. ఇప్పుడు ఆ శాంత్రో లక్షా 39 వేల దగ్గరుంది. మొన్న సంక్రాంతికి నాయనమ్మని ఎక్కించుకుని మా ఇంటి ముందు ఆపాడు. ఆవిడ దిగకుండానే అద్దం దించి, "బాబూ, ఈ బండి మెట్టు నాకు అందుతోంది" అంది.

ఈ మాటలు వింటున్న కుర్రాళ్ళలో ఈ వేసవికి బండి చూడబోతున్నవాళ్ళు ఉంటారు. ఒక్కటి చెయ్యండి నాయనా. అమ్మే మనిషికి ముందురోజు సాయంత్రమే ఫోన్ చేసి, రేపు పొద్దున నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి అని చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే డబ్బు జేబులోంచి తియ్యకుండా తిరిగి వచ్చెయ్యండి.